ఆమె వదిలేసిన ఫైలు

ఆమె తలుపు దగ్గర నిలబడి ఒక పేరు పిలిచింది. అతను లేచాడు.

పిలిచింది అతని పేరు కాదు. అయినా లేచాడు. గొడుగు మీది నీళ్లు పక్కావిడ చెప్పుల మీద కారుతున్న సంగతి కూడా చూసుకోకుండా, బిల్లులు కుక్కిన కాగితం సంచిని గుండెలకి హత్తుకుని ఆమె వెనకే లోపలికి నడిచాడు.

పన్ను సలహాలిచ్చే ఆఫీసులో వెయిటింగ్ హాలంత దిగులు చోటు ఇంకోటి ఉండదు. ఆస్పత్రిలో అయితే కనీసం నయమై ఇంటికెళ్తామన్న ఆశ ఉంటుంది. ఇక్కడ కూర్చున్న ప్రతి మొహంలోనూ ఒకటే ప్రశ్న, ఎంత పోతుందా అని. దానికి తోడు ఆ రోజు పొద్దున్నుంచీ వాన. గోడలకి చెమ్మ, ఫైళ్లకి ముక్కిపోయిన వాసన, ఫ్యాను కింద ఎవరో ఆరబెట్టుకుంటున్న సాక్సులు.

ఆమె కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచింది. ఫైలు చూసింది, అతన్ని చూసింది, మళ్లీ ఫైలు చూసింది.

"ఇందులో వయసు అరవై దాటిందని ఉంది. మీరు చాలా బాగా మెయింటెయిన్ చేస్తున్నారండీ," అంది.

"అది మా నాన్న."

"ఓహో. ఆయన రాలేదా?"

"రారండి."

"పర్లేదు, వీలు చూసుకుని ఒకసారి రమ్మనండి. సంతకాలు ఆయనే పెట్టాలి కదా."

"ఆయన పోయారండి. పోయిన చలికాలంలో."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. వేసిన జోకుని వెనక్కి తీసుకునే దారి లేక ఆమె మొహం పాలిపోయింది.

"సారీ అండి. నాకు తెలీదు." మెల్లగా అడిగింది. "మరి ఆయన పేరు పిలిస్తే మీరెందుకు లేచారు?"

"అలవాటైపోయింది. బ్యాంకులో ఆ పేరు పిలిచినా నేనే లేస్తున్నాను. కరెంటాఫీసులోనూ నేనే. షాపుకొచ్చే కస్టమర్లు కూడా నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. బోర్డు మీద ఉన్నది అదేగా."

బోర్డు మీద ఆ పేరు పక్కన 'డ్రై క్లీనర్స్' అని ఉంటుంది. కోట్లు, కర్టెన్లు, పెళ్లిబట్టలు, ఎవరో తాగి కూర పోసుకున్న సూట్లు, అన్నీ అక్కడికే వస్తాయి. తండ్రి పెట్టిన షాపు. తండ్రి పోయాక తల్లి తన వాటా కూడా కొడుక్కే రాసిచ్చేసింది. తండ్రీకొడుకులిద్దరి పేర్ల మీదున్న బ్యాంకు ఖాతా అలాగే నడుస్తోంది, షాపూ అలాగే నడుస్తోంది. నడిపే మనిషి మారాడని చెప్పాల్సిన చోట మాత్రం అతను ఎక్కడా చెప్పలేదు.

ఆమె పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగింది.

"ఆయన పోయింది చలికాలంలో అన్నారు. ఈ పన్ను వాయిదా కట్టింది వేసవిలో. దీని తర్వాతది వానలు మొదలయ్యాక. రెండూ ఆయన పాన్ నంబరు మీదే కట్టారా?"

"అవునండి."

"అంటే పోయినాయన ఠంచనుగా పన్ను కడుతున్నారు." నోరు జారేసింది. "మా క్లయింట్లలో బతికున్నవాళ్లు కూడా ఇంత టైముకి కట్టరు."

అతను లేచి నిలబడ్డాడు.

"మా నాన్న ఏనాడూ వాయిదా దాటనిచ్చిన మనిషి కాదండి. ఆయన పేరు మీద ఆలస్యమన్న మాట రాకూడదని కట్టాను. మీకు నవ్వులాటగా ఉన్నట్టుంది."

సంచి అందుకున్నాడు. కోపంగా వెళ్లిపోదామనుకున్నవాడికి వస్తువులు కూడా సహకరించాలి. తడిసిన సంచి అడుగు ఊడిపోయి, సబ్బు బిల్లులు, హ్యాంగర్ల బిల్లులు, కరెంటు రసీదులు గదంతా చెదిరిపోయాయి. వాటితోపాటు పన్ను శాఖ నుంచి తండ్రి పేరు మీద వచ్చిన నోటీసు కూడా ఆమె కాళ్ల దగ్గర పడింది.

ఆమె నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి నేల మీద కూర్చుని, తడి కాగితాలని ఒక్కొక్కటే విడదీసి తన దుపట్టా మీద పరిచింది. కాసేపటికి అతనూ కూర్చున్నాడు.

"నేనలా అనకుండా ఉండాల్సింది," అంది ఆమె, తలెత్తకుండానే. "మీరు డబ్బు ఎగ్గొట్టలేదు, దాచలేదు. చాలామంది మనిషి పోగానే ఆ నంబరు వైపే చూడరు. మీరు చేసింది నేనింతవరకు చూడని తప్పు. అందుకే తెల్లబోయాను."

"పెద్ద తప్పా?"

"సరిదిద్దుకోవచ్చు. ఇప్పుడు పన్ను శాఖ కంప్యూటర్ లెక్క ప్రకారం మీ నాన్నగారు ఇంకా షాపు నడుపుతున్నారు. మీరు ఏ పనీపాటా లేకుండా తిరుగుతున్నారు."

"మా అమ్మ కూడా అదే అంటుంది లెండి."

ఆమె అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి సరిగ్గా చూసింది. జోకు వేసిన మనిషి కళ్లలో నవ్వు లేదు.

"సంవత్సరాన్ని రెండు ముక్కలు చేయాలి," అని చెప్పింది. "ఆయన పోయిన రోజు దాకా వచ్చిన ఆదాయం ఆయనది. దానికి ఆయన పేరు మీద చివరి రిటర్ను వేస్తాం. మర్నాటి నుంచి వచ్చింది మీది. దానికి మీ నంబరుతో మీ మొదటి రిటర్ను. పొరపాటున ఆయన నంబరు మీద కట్టిన పన్నుని మీ నంబరుకి మార్చమని అర్జీ పెడతాం. మరణ పత్రం జత చేస్తే నోటీసుకి జవాబు కూడా అదే."

"ఆయన రిటర్ను మీద సంతకం?"

"వారసుడిగా మీరే. ఆయన పేరు ముందు 'లేట్' అని రాసి, కింద మీరు పెడతారు."

అతను కిటికీ వైపు చూశాడు. "అది తర్వాత పెడతానండి."

"తర్వాత అంటే?"

"తర్వాత."

అక్కడే పడింది ముడి. షాపులో పెద్ద మెషీను ముసలిదైపోయింది. తిరిగినప్పుడల్లా మూలుగుతోంది. కొత్తది కొనడానికి బ్యాంకువాళ్లు అప్పిస్తామన్నారు, అతని పేరు మీద రిటర్ను చూపిస్తే. అతని రిటర్ను నిలబడాలంటే ముందు తండ్రి లెక్క ముగియాలి. అన్నిటికీ గడువు ఈ వానాకాలం ఆఖరు. మెషీను లేకపోతే షాపు లేదు. అంతా ఆ ఒక్క సంతకం దగ్గర ఆగి ఉంది. అతనికి ఆ సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

*

"షాపు చూడకుండా షాపు లెక్క రాయనండి," అని ఒక మధ్యాహ్నం ఆమే వచ్చింది. నల్ల కోటు వేసుకుంది, జుట్టు సగం తడిసింది.

కౌంటర్లో అతని తల్లి కూర్చుని బట్టలకి ట్యాగులు కుడుతోంది. భర్త పోయినప్పటినుంచి ఆవిడ అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడటం లేదు.

"మా అమ్మ," అన్నాడు అతను.

"రోజూ కూర్చుంటారా?"

"పొద్దున షటర్ తీసేది ఆవిడే. ట్యాగులు, డెలివరీలు, మరక చూసి ఇది పోతుంది ఇది పోదు అని చెప్పేది, అన్నీ ఆవిడే."

"జీతం ఎంతిస్తున్నారు?"

"అమ్మకి జీతమేంటండీ?"

"ఆగరా," అంది తల్లి సూది ఆపి. "ఆ అమ్మాయిని చెప్పనీ."

"నిజంగా పని చేస్తున్నారు కాబట్టి ఇవ్వొచ్చమ్మా. అది షాపు ఖర్చు కింద పోతుంది. కాకపోతే బయటి మనిషిని పెట్టుకుంటే ఎంతివ్వాలో అంతే ఇవ్వాలి. నెలనెలా మీ ఖాతాలో పడాలి. పని చేయని మనిషికి కాగితం మీద జీతం చూపిస్తే మాత్రం అబద్ధం అవుతుంది. అలాంటివి నేను చేయను."

"చూపించడం సంగతి తర్వాత. ముందు ఇప్పించు తల్లీ."

ఆ మాటలో చాలా రోజుల తర్వాత పాత అమ్మ వినిపించింది అతనికి. ఇస్త్రీ బల్ల వైపు తిరిగి, పని ఉన్నట్టు ఒక చొక్కా కాలర్ సర్దాడు.

ఆమె వదల్లేదు. షాపంతా తిరుగుతూ ప్రశ్నలేసింది.

"ఇంట్లోకి సరుకులు ఎందులోంచి కొంటారు?"

"గల్లాపెట్టెలోంచి."

"కరెంటు బిల్లు?"

"గల్లాపెట్టె."

"మీరు వేసుకున్న ఆ చొక్కా?"

అతను చొక్కా వైపు చూసుకున్నాడు. "గల్లాపెట్టే అండి."

"ఇలాగైతే ఏది షాపుదో ఏది ఇంటిదో దేవుడొచ్చినా తేల్చలేడు. షాపుకి విడిగా ఖాతా తెరవండి. వచ్చిందంతా అందులో పడాలి. ఇంటి ఖర్చుకి నెలకోసారి అందులోంచి తీసుకోండి, ఇక ఆ నెలంతా గల్లాపెట్టె మీది కాదు. వచ్చినదాంట్లోంచి కొంత పన్నుకని అప్పటికప్పుడే పక్కన పెట్టేయండి. వాయిదా వచ్చాక వెతుక్కోనక్కర్లేదు. బిల్లు చేతికి రాగానే ఫోన్లో ఫోటో తీయండి. సంచిలో కుక్కుకుని వానలో తిరగకండి."

"ఇంకా?"

"కొత్త మెషీను కొన్నాక దాని ఖరీదంతా ఒక్క ఏడాది ఖర్చుగా రాసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ఏళ్ల తరబడి పనిచేసే వస్తువు. ఏడాదికి కొంతచొప్పునే తగ్గిస్తారు."

"ముందు మెషీను రావాలి కదండీ."

"ముందు సంతకం రావాలి," అంది ఆమె. వెనక మెషీను ఒకటే మూలుగు.

తల్లి కళ్లద్దాలు సర్దుకుని ఆమె కోటు చేతిని చూసింది. "ఆ మరకేంటమ్మా?"

"ఇంకు అండి. పాతది. పోదు."

"పోతుంది, విప్పు." ఆవిడ మాటకి తిరుగులేదు.

అతను ఆ కోటుని లోపలికి తీసుకెళ్లి గుడ్డ అడుగున పెట్టి, మందు చుక్కలు చుక్కలుగా వేసి, అంచు నుంచి లోపలికి అద్దుతూ కూర్చున్నాడు. మామూలుగా అయితే అంత సేపు పట్టే పని కాదు. బయట వాన పెరిగింది. కోటు లేకుండా ఆమె కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, అద్దం మీద జారే నీళ్లని చూస్తోంది. ఆమె అటు చూస్తున్నప్పుడు అతను ఇటు చూశాడు. అతను తల దించుకున్నప్పుడు ఆమె చూసింది. ఇద్దర్నీ చూడటానికి మధ్యలో ఒక తల్లి ఉందన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

కోటు ఇచ్చాక ఆమె పర్సు తీసింది.

"డబ్బులొద్దండి."

"బిల్లు రాయండి."

"ఇంత చిన్నదానికా?"

"ఊరికే పని చేయించుకుంటే, రేపు మీ ఖర్చుల్లో ఏదైనా కొట్టేయాల్సొస్తే నా చెయ్యి ఆడదు. రాయండి."

అతను రాశాడు. ఆమె కట్టింది. ఆమె వెళ్లిపోయాక తల్లి మళ్లీ సూది పట్టుకుంటూ, "గట్టి పిల్లే," అంది.

*

ఆ తర్వాత అతనికి పన్ను సందేహాలు విపరీతంగా రావడం మొదలెట్టాయి. పాత ఇస్త్రీపెట్టె అమ్మితే వచ్చింది ఆదాయమా? హ్యాంగర్లు విరిగిపోతే నష్టమా? ఫోన్లో అడిగితే సరిపోయే ప్రశ్నలకి వానలో నడిచి వచ్చేవాడు. నోటీసుకి జవాబు వెళ్లింది, అర్జీ తయారైంది, ఆఫీసు ఫీజు కూడా చెల్లించేశాడు. షాపుకి విడిగా ఖాతా తెరిచాడు. అమ్మకి మొదటి జీతం పడింది. చివరి రిటర్ను ఒక్కటే సంతకం లేకుండా ఫైల్లో ఉంది. ఆమె ప్రతిసారీ దాన్ని బల్ల మీద పెట్టేది. అతను ప్రతిసారీ దాని మీద చెయ్యి వేసి, తీసేసేవాడు.

"మీ సందేహాలకి ఫీజు వేస్తే ఈపాటికి నేను కారు కొనేదాన్ని," అందొక సాయంత్రం, బస్టాపులో. ఆఫీసు నుంచి బస్టాపు దాకా ఒకే గొడుగులో వచ్చారు. గొడుగు అతనిది, తడిసింది కూడా అతనే.

"కారు కొంటే ఆ ఖర్చు చూపించొచ్చాండీ?"

"ఆఫీసు పనికి ఎంత వాడితే అంతే. మిమ్మల్ని దింపడానికి వాడింది కుదరదు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. కొన్నాళ్లుగా నవ్వు అలా సగంలోనే ఆగుతోంది.

"మా ఆఫీసులో పోయినవాళ్ల ఫైళ్లన్నీ నాకే ఇస్తారు," అంది ఆమె, రోడ్డు వైపు చూస్తూ. "ఎందుకో తెలుసా? ఎదురుగా కూర్చున్న మనిషి ఏడిస్తే నేను కంగారుపడను. నీళ్లిస్తాను, ఆగుతాను, మళ్లీ లెక్కలోకి వస్తాను."

"నేను ఏడవలేదు కదండీ."

"అదే నా కంగారు."

బస్సులు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. అతను గొడుగుని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రిటర్ను వేసే రోజు నాన్న చొక్కా మార్చుకునేవారు. అప్పుడే ఇస్త్రీ చేసింది వేసుకుని, టేబుల్ తుడిచి, అప్పుడు సంతకం పెట్టేవారు. మేం నవ్వేవాళ్లం. ఆయన ఏమనేవారంటే, ఊళ్లోవాళ్ల మాసిన బట్టలు ఉతికి నిజాయితీగా బతికానని నేను ఏడాదికోసారి చెప్పుకునేది ఈ కాగితం మీదేరా అని. దాని మీద ఇదే ఆఖరుదని రాసి నేను సంతకం పెట్టాలి. ఆయన్ని నా చేత్తో నేనే పంపించేసినట్టు ఉంటుంది. అమ్మ ముందు ఎలా నిలబడను?"

ఆమె బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్లిపోయింది.

"మీ బస్సండీ."

"చూశాను," అంది ఆమె.

ఆ రోజు ఇంటికెళ్లే దారంతా అతనికి రెండే విషయాలు తిరిగాయి బుర్రలో. ఒకటి, ఆమె బస్సు వదిలేసింది. రెండు, తనకి ఆమె అంటే ప్రేమ. రెండోది తెలిసి సంతోషపడాల్సింది పోయి దిగులుపడ్డాడు. ఈ సంగతి నాన్నకి చెప్పలేనుగా అనుకున్నాడు.

*

మర్నాడు కాక ఆ మర్నాడు, అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సంతకం పెట్టేయాలనుకున్నాడు. ఆ ధైర్యంలోనే ఆమెకి చెప్పాల్సిన మాట కూడా చెప్పేయాలనుకున్నాడు. ఆమె ఎదురుగా ఉంటే చెయ్యి వణకదని అతని నమ్మకం.

ఆఫీసుకెళితే అతన్ని ఆమె గదిలోకి పంపలేదు. పెద్దసారు గదిలోకి పంపారు. ఆఫీసు ఆయనదే. తెల్ల జుట్టు, బల్ల మీద మాత్రల డబ్బా, మాటకి మాటకి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. ఫైలు ఆయన ముందుంది.

"ఆ అమ్మాయి మీ ఫైలు నాకిచ్చేసింది బాబూ. ఇకనుంచి నేనే చూస్తాను."

"ఎందుకండీ?"

"అది ఆ అమ్మాయే చెప్పాలి. ముందు నువ్వు కూర్చో. ఈ చివరి రిటర్ను..."

అతను అద్దం గోడలోంచి అవతలికి చూశాడు. ఆమె తన బల్ల దగ్గరే ఉంది. అతన్ని చూసింది. చూసి తల దించుకుంది.

అంతే, అతనికి అంతా అర్థమైపోయిందనుకున్నాడు. పనికిమాలిన సందేహాలతో విసిగించాడు. బస్టాపులో తన గోడు వెళ్లబోసుకున్నాడు. అంత ఓపికున్న మనిషి ఓపిక కూడా అయిపోయింది. కుర్రాళ్లు ఇలాంటివి అర్థం చేసుకునేంత తొందరగా ఇంకేదీ అర్థం చేసుకోరు, అదీ తప్పుగా.

"తర్వాత వస్తానండి," అని లేచి వచ్చేశాడు. గొడుగు అక్కడే మర్చిపోయాడు. తిరిగి వెళ్లి తెచ్చుకోలేదు.

ఆ వారంలోనే మెషీను ఆగిపోయింది. మూలుగు కూడా లేదు. లోపల ఎవరివో కర్టెన్లు బురద రంగు నీళ్లలో మునిగి ఉన్నాయి. వాటిని చేత్తో బయటికి లాగి, బకెట్లలో జాడించి, తాడు మీద వేసి, తడి నేల మీద కూలబడ్డాడు. ఈ వానకి అవి ఆరవు. అడిగే కస్టమర్లకి చెప్పడానికి మాటల్లేవు. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, కాగితాలేవని. గడువు దగ్గరపడింది.

తల్లి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఆ రోజు చొక్కా మార్చుకుని వెళ్లావు. పెట్టకుండానే వచ్చేశావు. ఏమైందిరా?"

"ఆమె నా ఫైలు వదిలేసిందమ్మా."

"అయితే?"

అతను చేతికందిన కర్టెన్ అంచుని పిండాడు.

"ఆ సంతకం ఆ పిల్ల కోసం పెడదామనుకున్నావా, మీ నాన్న కోసమా?"

బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ పిల్ల కోసమైతే మానేయ్. అది మంచి సంతకం కాదు. మీ నాన్న కోసమైతే పొద్దున్నే వెళ్లు." ఆవిడ స్టూలు దగ్గరికి జరుపుకుంది. "నా గురించి ఆలోచిస్తున్నావేమో. పేరు పిలిచినప్పుడల్లా నువ్వు లేస్తుంటే, నాకు ప్రతిసారీ ఆయన లేచారేమోననిపించి తల తిప్పి చూస్తున్నానురా. చూసిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా పోతున్నారు. నావల్ల కావడం లేదు. పోయిన మనిషిని పోనీరా."

ఆవిడ భర్త పోయిన మాట పైకి అనడం అదే మొదలు. అతను తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

*

గడువుకి ఆఖరు రోజు. హాలు కిక్కిరిసి ఉంది. అతను చొక్కా మార్చుకోలేదు, నిన్నటి తడి ఇంకా చేతుల మీదున్నట్టే ఉంది. ఎవరి కోసమూ అటూ ఇటూ చూడకుండా నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

"ఇవ్వండి, పెడతాను."

"చదివి పెట్టు బాబూ. తొందరేం లేదు."

చదివాడు. తండ్రి పేరు. వృత్తి, బట్టలు శుభ్రం చేయుట. ఆ చలికాలంలో ఒక తేదీ దాకా ఆదాయం. ఆ తేదీ తర్వాత గడులన్నీ ఖాళీ. పేరు ముందు 'లేట్' అని రాశాడు. కింద, వారసుడు అన్న చోట, తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు. పెన్ను కింద పెట్టాక భుజాలు కదలడం మొదలెట్టాయి. అన్ని నెలలుగా రానిదంతా ఒక్కసారే వచ్చేసింది. చేతుల్లో మొహం పెట్టుకుని, ఎదురుగా ముసలాయన ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

పెద్దసారు తలుపు వైపు చూసి తలూపాడు.

పక్క కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను తలెత్తితే ఆమె. ఎప్పుడొచ్చిందో వచ్చి అతని పక్కనే, క్లయింట్లు కూర్చునే వైపు కూర్చుంది. బల్ల మీది కాగితాల వైపు చూడటం లేదు. నీళ్ల గ్లాసు తెచ్చినట్టుంది గానీ ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుంది. ఆమె కళ్ల నుంచి కూడా నీళ్లు ధారగా కారుతున్నాయి.

పెద్దసారు కాగితాలు తన వైపు జరుపుకున్నాడు. "చూశావా అమ్మాయ్. ఇందుకే సొంతవాళ్ల ఫైళ్లు మనం చూడకూడదనేది."

"సొంతవాళ్లా?" అన్నాడు అతను.

"మా ఆఫీసులో ఫైలు చేతులు మారేది రెండే సందర్భాల్లో బాబూ. క్లయింటు ఫీజు ఎగ్గొడితే, లేదా సొంత మనిషైతే." ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "నువ్వు ఫీజు కట్టేశావు."

ఆమె గ్లాసు అతని చేతికిచ్చింది.

మెట్ల దగ్గర, జనం దిగేదాకా పక్కకి నిలబడ్డప్పుడు అతను అడిగాడు.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా. మీకు విసుగొచ్చిందనుకున్నాను."

"ఫైలు నా దగ్గరుండగా చెప్తే నా మాట సలహా కిందికి వచ్చేది. ఫైలు ఇచ్చేశాక చెప్తే మీరు నా కోసం సంతకం పెట్టేవాళ్లు."

"పెట్టేవాణ్ణి."

"అది మీ నాన్నగారిది. అందులో నేనుండకూడదనిపించింది. మీరు పెట్టేదాకా ఎవరూ చెప్పొద్దని సార్‌ని కూడా అడిగాను." ఆమె గోడకి ఆనుకుంది. "ఆ రోజు మీరు లేచి వెళ్లిపోయాక ఒక్క ఫైలు సరిగ్గా చూడలేదు. ఇవాళ మీరు రాకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. ఊళ్లోవాళ్లందరికీ సలహాలిస్తాను గానీ."

"నాన్న పోయాక నాకు రేపంటేనే భయం వేసేది," అన్నాడు అతను. "మీ దగ్గరికొచ్చిన రోజుల్లో ఆ భయం ఉండేది కాదు. మీరంటే నాకు ప్రేమండీ. ఇంకోలా చెప్పడం రావడం లేదు."

"అలాగే చెప్పండి. బాగుంది," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

ఒకే గొడుగులో షాపుకి నడిచారు. ఈసారి గొడుగు ఆమెది, తడిసింది ఇద్దరూ. తాడు మీద కర్టెన్లు ఇంకా ఆరలేదు. మెషీను చల్లగా పడి ఉంది. బ్యాంకు పని ఇంకా మొదలే కాలేదు. ఒక్క రోజులో మారిపోయినవి పెద్దగా ఏమీ లేవు.

"పెట్టానమ్మా," అన్నాడు గుమ్మంలోనే.

తల్లి తలూపింది. చేతిలో ఉన్న చొక్కాని మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది. తర్వాత అతని వెనక నిలబడ్డ పిల్లని చూసింది.

"నువ్వు పెట్టించావా?"

"లేదమ్మా. ఆయనే వచ్చి పెట్టారు. నేను తర్వాత వచ్చాను."

ఆవిడ ఆమెని చాలా సేపు చూసింది. కళ్లు ఎర్రగా ఉండటం చూసింది, కొడుకు వైపు చూసింది. కౌంటర్ వెనక నుంచి ఇంకో కుర్చీ లాగి తన పక్కన వేసింది.

"కూర్చోమ్మా. ఆయన గురించి నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వీడు ఏదీ సరిగ్గా చెప్పి ఉండడు."

ఆమె కూర్చుంది. తల్లి మొదలుపెట్టింది, ఈ షాపు తెరిచిన రోజున మొట్టమొదటి కస్టమర్ కోటుని ఆయన ఎలా తగలబెట్టేశారో, ఇద్దరూ కలిసి ఆ కస్టమర్ ఇంటికి వెళ్లి ఎలా నిలబడ్డారో. చెబుతూ చెబుతూ మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ కథ అతనికి కూడా తెలీదు. చేతిలో గొడుగు మూయడం మర్చిపోయి గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.